పెట్టె పోయే దావ

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్ళు ముందుగా ఎన్నేళ్ళు చేశారో చెప్తారు. నేను చేసింది నాలుగేళ్ళు. కర్నూలులో ఒక చిన్న ప్రైవేటు సర్వే సంస్థలో చేరి, నాలుగు ఎండాకాలాలు పొలాల్లో తిరిగి, ఇప్పుడు కడపలో ఒక కాలేజీ లైబ్రరీలో నీడపట్టున కూర్చున్నాను. నాలుగేళ్ళకే జ్ఞాపకాలేమిటని మీరు నవ్వుకోవచ్చు. కానీ నా తర్వాత ఆ సంస్థలో చేరిన ఒక అమ్మాయి మొన్న ఫోన్ చేసి, "అక్కా, జీపీయస్ మిషన్‌కు చార్జింగ్ ఎక్కుతాంది గానీ అది పని చెయ్యడంల్యా, ఏం జెయ్యాల?" అని అడిగింది. వైరు మార్చమ్మా అన్నాను. జవాబు అంతే. ఆ జవాబు నేను ఎలా నేర్చుకున్నానో మాత్రం ఫోన్లో చెప్పలేకపోయాను. నాకు మాట్లాడటం కన్నా రాయడం సులువు. అందుకే అప్పటి డైరీ తీసి, ఆ అమ్మాయికీ ఆమెలాంటి కొత్తవాళ్ళకూ ఇది రాస్తున్నాను.

పొలాల హద్దులు కొలిచే పెద్ద మిషన్లు వేరే బృందం దగ్గర ఉండేవి. మా పని చిన్నది. ఊళ్ళోని దారులు, బావులు, వాగులు, సమాధులు ఎక్కడున్నాయో మ్యాపులో ఎక్కించడం. దానికి అరచేతిలో పట్టే జీపీయస్ మిషన్ ఒకటి ఇచ్చారు. దాన్ని పట్టుకొని దారి వెంట నడిస్తే, మనం నడిచిన మేరకు తెరమీద గీత పడుతూ పోతుంది. సాయంత్రం ఆఫీసులో ఆ గీతను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే అదే మ్యాపులో దారి అవుతుంది.

మిషన్లు పాతవి. పొద్దున నిండా చార్జింగ్ పెట్టుకొని బయలుదేరినా పదకొండు గంటలకల్లా బ్యాటరీ ఎర్రబడేది. అందుకని సంచిలో పవర్ బ్యాంకు పెట్టుకొని, దాన్నుంచి యూఎస్‌బీ వైరుతో మిషన్‌కు కరెంటు ఇస్తూ నడిచేవాళ్ళం. ఇక్కడొక చిక్కుంది. వైర్లన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి కానీ రెండు రకాలు. ఒక రకం కరెంటు మాత్రమే మోస్తుంది. రెండో రకం కరెంటుతో పాటు సమాచారం కూడా మోస్తుంది. ఆ రెండో రకం పెడితే మా మిషన్ తనను కంప్యూటర్‌కు తగిలించారని అనుకునేది. తెరమీద కంప్యూటర్ బొమ్మ ఒకటి వేసుకొని, మిగతా పనంతా ఆపేసి, ఫైళ్ళు అడుగుతారేమోనని ఎదురుచూస్తూ కూర్చునేది. చార్జింగ్ మాత్రం ఎక్కుతూనే ఉంటుంది. గీత పడదు. పొరపాటు పడకుండా, కరెంటు ఒక్కటే మోసే వైర్లకు ఆఫీసులో తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి పెట్టారు.

ఆ ఊరు ఓర్వకల్లు దాటాక వస్తుంది. పేరు రాయను. చుట్టూ రాతి గుండ్లు, మధ్యలో కొర్ర, కంది, ఆముదం వేసే మెట్టచేలు. ఊరికి ఒక పక్కన క్రైస్తవుల పల్లె, దాంట్లో పాత రాతి చర్చి. చర్చి నుంచి మైలుకు పైగా నడిస్తే గుట్ట కింద వాళ్ళ సమాధుల తోట. తోట అంటే చెట్టూచేమా ఏమీ లేదు, రాళ్ళూ శిలువలూ తప్ప. ఆ మధ్యలో ఉన్న భూమిలో చాలా భాగం ఫ్యాక్టరీలకు పోయింది. కొత్త మ్యాపు చూసి కంచె వేస్తారు. మ్యాపులో దారి ఉంటే కంచెకు అక్కడ సందు వదులుతారు, లేకుంటే వదలరు. తరతరాలుగా నడిచిన దారే కానీ ఏ కాగితంలోనూ లేదు. మా ఫైలు సోమవారం పోవాలి. మేము ఆ పల్లెకు వెళ్ళింది శనివారం.

దారి చూపించడానికి ఒక అవ్వ వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. పల్లెలో ఎవరు పోయినా సమాధి దాకా వెళ్ళే మనిషి ఆమేనట. మొగుడు పోయి పన్నెండేళ్ళు. ఆయన పక్కన తన కోసం జాగా చూసి పెట్టుకుంది.

"కంచె యేస్తారంట గదమ్మే. యేసుకోనీ," అంది నాతో. "నన్ను మోసకపొయ్యేంత సందు ఇడిచిపెడితే సాలు. నేనేమన్నా దినామూ పోతానా, ఒక్కసారే గదా."

నడక మొదలుపెట్టిన కాసేపటికే బ్యాటరీ ఎర్రబడింది. సంచిలో చూస్తే ప్లాస్టర్ అంటించిన వైరు లేదు. పొద్దున జీపులో డ్రైవర్ భాయ్ ఫోన్ చార్జింగ్‌కని అడిగి తీసుకున్నాడు. దిగేటప్పుడు నేను తిరిగి అడగలేదు. భాయ్ మంచివాడు, అడిగితే నవ్వుతూ ఇచ్చేవాడు. ఆయన ఫోన్లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు, మధ్యలో కల్పించుకొని అడగడానికి నాకు మొహమాటం. అంతే. జీపు రెండు ఫర్లాంగుల దూరంలో ఉంది. అవ్వను ఎండలో నిలబెట్టి వెనక్కి పోవడానికీ మొహమాటమే. సంచి అడుగున ఇంకో వైరు దొరికింది. ప్లాస్టర్ లేదు. చెమటకు ఊడిపోయి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకొని తగిలించాను. బ్యాటరీ గుర్తు పక్కన మెరుపు గీత వెలిగింది. ఎక్కుతోంది కదా అనుకున్నాను.

మిషన్‌ను చేతిలోనే ఉంచుకొని ఉంటే ఇంకో నిమిషానికి కంప్యూటర్ బొమ్మ కనిపించి ఉండేది. కానీ అప్పటికే అవ్వ ఒకసారి నన్ను మందలించింది. "నా మొకం జూసి మాట్లాడుమే, ఆ డబ్బా జూసుకుంటా నడుస్తే నేను యెవురికి జెప్పాల?" అంది. సిగ్గుపడి మిషన్‌ను సంచి పైజేబులో పెట్టేశాను. ఆకాశం కనిపిస్తే చాలు, అదే రాసుకుంటుందని.

తర్వాతి గంటన్నర ఆమె ముఖం చూస్తూనే నడిచాను. ఏ గుండు దగ్గర పాము కనపడిందో, ఏ చేను ఎవరిదో, ఏ సమాధికి ఎవరెంత ఏడ్చారో, ఎవరు ఏడవలేదో అన్నీ చెప్పింది. రెండు పెద్ద గుండ్ల మధ్య ఇరుకు సందులోంచి పక్కకు తిరిగి దూరి వెళ్ళాం. వచ్చేటప్పుడు రెండుసార్లు మోకాళ్ళు పట్టుకొని కూర్చుంది. చర్చి దగ్గర మిషన్ బయటికి తీశాను. తెరమీద కంప్యూటర్ బొమ్మ. బ్యాటరీ నిండుగా ఉంది. గీత చర్చి దగ్గర మొదలై, నేను వైరు తగిలించిన చోటే ఆగిపోయి ఉంది.

అవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. "పడిందామే దావ?" అని అడిగింది. పడిందవ్వా అన్నాను.

నా నాలుగేళ్ళలో నేను ఆడిన అబద్ధం ఇదొక్కటే కాదు కానీ, డైరీలో రాసుకోవలసి వచ్చింది ఇదొక్కటే.

ఆ సాయంత్రం ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చొని ఉపగ్రహం తీసిన బొమ్మ పెట్టుకున్నాను. అందులో రాళ్ళూ నేలా ఒకే రంగు, దారి ఏదీ కనిపించదు. నాకు గుర్తున్నంత వరకు మౌస్‌తో గీత గీశాను. మా పెద్ద సారు వెనక నిలబడి చూశారు. ఆయన ప్రభుత్వ సర్వేలో రిటైరయ్యి మాకు పని నేర్పడానికి వచ్చిన మనిషి, మెచ్చుకోవడం అరుదు. "నీట్‌గా ఉందమ్మా, ఒక్క వంకర లేదు," అన్నారు. థాంక్యూ సార్ అన్నాను. హాస్టల్‌కు వచ్చి డైరీ తీస్తే, "ఈ రోజు నేను నడవని దారి గీశాను, దానికి మెప్పు కూడా వచ్చింది" అని రాసి ఆగిపోయింది పెన్ను.

మరునాడు ఆదివారం. వేరే ఊళ్ళో మిగిలిన బావుల పనికి పొద్దున్నే పెద్ద సారుతో కలిసి జీపులో బయలుదేరాం. ఊరు దాటేలోపు ఆయనకు చెప్పాలనుకున్నాను. దాటింది. రాళ్ళ గుట్టలు మొదలయ్యేలోపు అనుకున్నాను. మొదలయ్యాయి. చివరికి ఎలా మొదలుపెట్టానో నాకే తెలియదు, వైరు దగ్గర్నుంచి గీత దాకా ఒక్క ఊపున చెప్పేశాను. భాయ్ అద్దంలో నన్ను చూసి, "నా ఫోన్ కోసమా ఇదంతా? ఒక్క మాట అడిగుంటే ఇయ్యనా మేడం?" అన్నాడు, నాకన్నా ఎక్కువ నొచ్చుకుంటూ. అడిగితే ఇస్తాడని నాకు తెలుసని చెప్పలేక తల వంచుకున్నాను.

పెద్ద సారు కేకలేస్తారనుకున్నాను. ఆయన కిటికీ బయటికి తిరిగారు. తన సంగతి ఒకటి చెప్పారు, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గట్టు దాకా పోకుండానే పోయినట్టు కొలతల పుస్తకంలో రాశారట.

"యెవురూ కనుక్కోలేదు," అన్నారు. "నేను మాత్రం ఇప్పటికీ ఆ ఊరి బస్సు ఎక్కను."

జీపు పల్లె వైపు తిప్పమన్నారు. బావులు మధ్యాహ్నం చూద్దామన్నారు. సార్, మీరే చెప్పండి వాళ్ళకు అని బతిమాలాను. ఆయన ఒప్పుకోలేదు.

"నువ్వే చెప్పల్ల. నేను చెప్తే నీ తప్పు నాదైపోతాది. నాకుండేటివి నాకు సాలు."

మేము వెళ్ళేసరికి ఆరాధన ముగిసి జనం బయటికి వస్తున్నారు. తెల్ల చీరలు, ఇస్త్రీ చొక్కాలు, చేతుల్లో బైబిళ్ళు. యాభై మందికి తక్కువ ఉండరు. క్లాసులో నిలబడి పాఠం చదవమంటే జ్వరం తెచ్చుకున్న మనిషిని నేను. చర్చి సంఘపెద్ద మమ్మల్ని గుర్తుపట్టి, వందనాలమ్మా అని ఎదురొచ్చాడు. ఆయన ఒక్కరికే చెప్తే సరిపోతుందేమో అనుకున్నాను. అంతలో అవ్వ కనిపించింది. చర్చి మెట్టు మీద కాళ్ళు చాపుకొని కూర్చుంది. రెండు మోకాళ్ళకూ వేడి చేసిన ఆముదపాకులు వేసి గుడ్డతో కట్టి ఉన్నాయి. అవి చూశాక ఒక్కరికే చెప్పడం కుదరలేదు.

"నిన్న అవ్వ నడిచిన దారి మిషన్లో పడలేదు," అన్నాను. గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ చెప్పాను. "తప్పు వైరు పెట్టింది నేనే. పడిందని అవ్వతో అబద్ధం చెప్పినాను. మ్యాపులో నా చేత్తో ఒక గీత గీసినాను. అది మీ దావ కాదు. రేపు ఫైలు పోతే కంచె దాని ప్రకారమే వేస్తారు."

వెనక నుంచి ఒకామె, "చార్జింగ్ వైరేనా? మా ఇంట్లో ఉండాది, తెచ్చేదా?" అంది. ఒకరిద్దరు నవ్వారు.

అవ్వ మాత్రం నవ్వలేదు. నన్నే చూస్తూ, "పడలేదని నిన్ననే చెప్పింటే నిన్ననే ఇంగోసారి నడిచేదాన్ని గదమ్మే," అంది. "ఇప్పుడు లేచి నిలబడేకి గూడా కాదే."

ఇక దావ ఎవరు చూపించాలన్న మాట వచ్చింది. మగవాళ్ళు నలుగురు ముందుకొచ్చారు, నాలుగు దారులు చెప్పారు. ఒకరు గుండ్లకు ఈ పక్క నుంచి అన్నారు, ఒకరు ఆ పక్క నుంచి అన్నారు. అవ్వ నన్ను గుండ్ల సందులోంచి తీసుకెళ్ళిందని నేను చెప్పాను. సంఘపెద్ద తల అడ్డంగా ఊపాడు.

"అది మనిషి పొయ్యే దావమ్మా. పెట్టె పొయ్యే దావ వేరే. ఆ సందులో పెట్టె యాడ పడతాది? భుజమ్మీద బరువుంటే కాళ్ళే పోతాయి ఆ దావన. ఊరికే నిలబడి చెప్పమంటే ఎవురికీ తెలీదు."

అప్పుడు అవ్వ అంది, అయితే నన్నే మోయండి అని.

అవ్వ కోడలు అడ్డుపడింది. బతికున్న మనిషిని అట్లా మోయడమేమి, ఆ మాటలేమి అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూడా వద్దన్నారు. అవ్వ వాళ్ళందరినీ ఒక్క మాటతో ఆపింది.

"సచ్చినాక దావ చూపిచ్చేకి నాకు నోరుంటాదామే?"

చర్చి వెనక గదిలోంచి శవపెట్టె మోసే రెండు పొడుగు కర్రలు తెచ్చారు. ఎవరి ఇంట్లోనుంచో నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. కుర్చీని కర్రలకు తాళ్ళతో బిగించారు. నలుగురు లేపితే అవ్వ ఒక్కసారి పక్కకు ఒరిగి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకొని, ముందున్న ఇద్దరినీ నిదానంగా పొమ్మంది. భాయ్ పరుగున వచ్చి ప్లాస్టర్ ఉన్న వైరు నా చేతిలో పెట్టాడు. తగిలించి, మిషన్ చేతిలోనే పట్టుకున్నాను. ఈసారి అవ్వ మందలించలేదు. పై నుంచి తొంగి చూసి, "ఇప్పుడు పడతాందా?" అని మాత్రం మాటిమాటికీ అడిగింది.

సంఘపెద్ద చెప్పింది నిజమే. భుజం మీద బరువు పడగానే నలుగురి తగవూ పోయింది. గుండ్ల దగ్గరికి రాగానే ఎవరూ చెప్పకుండానే నలుగురూ ఎడమకు తిరిగి, పెద్ద చుట్టు తిరిగారు. ఒక వెడల్పాటి నాపబండ దగ్గర కుర్చీ దించి భుజాలు మార్చుకున్నారు. పెట్టె కూడా ఇక్కడే దించుతామని, ఒక కీర్తన పాడి మళ్ళీ ఎత్తుతామని చెప్పారు. నిన్న ఈ బండను నేను చూడనే లేదు. నిన్న మిషన్ సరిగ్గా పనిచేసి ఉంటే మ్యాపులోకి మనిషి పక్కకు తిరిగి దూరే సందు ఒకటి ఎక్కి ఉండేది. అందుకని నా తప్పు మంచికే అయిందని నేను అనుకోను. ఆముదపాకుల కట్లు నా కళ్ళ ఎదుటే ఊగుతున్నాయి.

చుట్టు తిరిగే చోట ఒక రైతు పొలం మూల తగులుతుంది. ఊళ్ళో పెద్ద కుటుంబం వాళ్ళది. ఆయన మోటార్ సైకిల్ మీద వస్తూ మమ్మల్ని దూరం నుంచి చూసి, బండి ఆపి, తలగుడ్డ తీసి నిలబడ్డాడు. దగ్గరికి వచ్చాక అవ్వే పలకరించింది. "నేనేలేప్పా. ఇంగా పోలే," అంది.

ఆయనకు నవ్వాలో భయపడాలో తెలియలేదు. సంగతి పెద్ద సారు వివరించారు. ఆ మూలలో పంట లేదు, దున్నిన గుర్తు కూడా లేదు. రైతు ఆ నేలను, మోసేవాళ్ళ అడుగులను కొంతసేపు చూశాడు.

"మా నాయన ఈ మూలకు మడక తోలేటోడు కాదు," అన్నాడు. "కింద బండ ఉండాదేమో అనుకుంటి. నేనూ తోలలే. ఇందుకా?"

దారి ఆ మూల మీదుగా పోతుంది కాబట్టి ఆయన సంతకం కావాలి. పెడితే మూల నాది కాకుండా పోతుందా అని అడిగాడు. నేల మీదే, దారి ఉందని మాత్రమే రాస్తామని సారు చెప్పారు. ఆయన వెంటనే పెట్టలేదు. పెట్టె ఎంత వెడల్పు, పక్కన నడిచేవాళ్ళు ఎందరు అని సంఘపెద్దను అడిగి, కొలత వేయించుకొని, అప్పుడు మోటార్ సైకిల్ సీటు మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. అవ్వ పైనుంచే వందనాలు చెప్పింది.

సోమవారం ఫైలు వెళ్ళింది. నేను చేత్తో గీసిన గీత తీసేసి ఈ గీత పెట్టాం. ఏడాదికి కంచె వచ్చింది, అక్కడ దారి వదిలారు. నేనే వెళ్ళి చూశాను, నలుగురు మోసేవాళ్ళూ పక్కన ఇద్దరూ పట్టేంత ఉంది. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ ఆదివారం గురించి నాకు ఎక్కువగా గుర్తున్నది కంచె కాదు.

సమాధుల తోటకు చేరాక కుర్చీ దించారు. నేను అవ్వ ముందు కూర్చొని మిషన్ చూపించాను. చర్చి నుంచి తోట దాకా గీత తెగకుండా పడి ఉంది. ఆమె తెరను కళ్ళకు దగ్గరగా పెట్టుకొని, "తలెంటికంత ఉండాది," అంది. ఇందులో నేను యాడుండాను అని అడిగింది. గీత చివర చిన్న త్రికోణం చూపించి, ఇదే నువ్వు అవ్వా అన్నాను. దాన్ని వేలితో ముట్టుకుంది. తర్వాత మొగుడి సమాధి వైపు, పక్కనున్న ఖాళీ జాగా వైపు చూసింది.

మోసేవాళ్ళు నీళ్ళు తాగి, తలగుడ్డలు భుజాల మీద సర్దుకొని, మళ్ళీ కర్రల దగ్గరికి వచ్చారు. అవ్వ వాళ్ళను ఆగమంది. నా భుజం పట్టుకొని లేచి నిలబడింది. ఒక మోకాలి కట్టు జారి ఆకులు కింద పడ్డాయి. కూర్చో అవ్వా, మేము మోస్తాం అని వాళ్ళు ఎంత చెప్పినా వినలేదు.

"ఈడికి మోయిచ్చుకోని వచ్చినోళ్ళల్లో ఒక్కరన్నా తిరిగి నడిచి పోయినారాప్పా?" అంది. "నేను పోతా. కొంచేపన్నా పోతా."

నా భుజం మీద బరువంతా వేసి ఒక్కో అడుగే నడవడం మొదలుపెట్టింది. నలుగురూ ఖాళీ కుర్చీని భుజాలకెత్తుకొని, ఆమె అడుగుకు అడుగు కలుపుతూ మా వెనకే నడిచారు.